గాజు అద్దానికి ఇవతల

షెడ్డు తలుపు తీయగానే కోళ్ళన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి. ఆయన్ని చూసి మళ్ళీ దించేసుకున్నాయి.

"నేనే. ఆవిడ ఇంకా రాలేదు" అన్నాడాయన, ఎవరో అడిగినట్టు.

షెడ్డులో చేతికి ఇనుప తీగ గీసుకుని భార్య ఆసుపత్రిలో చేరినప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. చిన్న గీతే. అదే పుండై, జ్వరమై, ఆమెని ఎవరూ తాకకూడని గదిలో పడేసింది. రోజూ గాజు అద్దానికి ఇవతల నిలబడి చూసి రావడమే. పొద్దున్నే రెండు కప్పుల టీ కలిపేసి, రెండోది ఏం చెయ్యాలో తోచక నిలబడిపోతున్నాడు.

ఆయన డబ్బాలోంచి యాంటీబయాటిక్ పొడి చిటికెడు తీసి నీళ్ళ డ్రమ్ములో వెయ్యబోతుంటే వెనకనుంచి కేక వినబడింది.

"నాన్నా! వెయ్యకు!"

కూతురు. ఆ ఆసుపత్రి ల్యాబులోనే క్రిములని పరీక్ష చేసే ఉద్యోగం. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కోళ్ళకి రోగం రాకుండా మీ అమ్మ రోజూ వేసేదే కదే. చిటికెడు మందుకి ఏమవుతుంది?"

"ఆ చిటికెడే కొంప ముంచింది. సరిపడా వేస్తే క్రిములు చాలావరకు చస్తాయి. కొంచెం కొంచెంగా రోజూ వేస్తే నీరసంగా ఉన్నవే చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. ఇక షెడ్డంతా వాటి సంతానమే. నేను ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన చెత్తలో ఉన్నవీ, అమ్మ పుండులో ఉన్నవీ ఒకటే నాన్నా. మామూలు మందులేవీ వాటిమీద పనిచెయ్యట్లేదు."

ఆయన డబ్బా పట్టుకునే గట్టుమీద కూలబడ్డాడు.

"మీ అమ్మకి చెప్పకు" అన్నాడు. "వీటిని ఒళ్ళో పెట్టుకుని పెంచింది. తన చేత్తోనే ఇలా అయిందని తెలిస్తే బతకదు."

"చెప్పకపోతే? ఇంటికొచ్చి మళ్ళీ ఇదే డబ్బా తీస్తుంది. అప్పుడు నేనేం చెయ్యను, ల్యాబులో ఇంకో గాజు పళ్ళెంలో మా అమ్మ క్రిములు పెంచుకుంటూ కూచోనా?" కూతురు ఆ డబ్బా లాక్కుంది. "నాకు మాత్రం అమ్మ అక్కర్లేదా?"

"నేనే చెప్తాలే" అన్నాడాయన. కూతురి తల దగ్గరికి తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అద్దానికి అవతల భార్య ఎడమ చేత్తో ఫోన్ ఎత్తింది.

"ఏమండీ, తిన్నారా? కోళ్ళకి నీళ్ళలో మందు కలిపారా?"

"కలపలేదు. ఇక కలపం."

"అదేంటి?"

ఆయన చెప్పాడు. కూతురు చెప్పినంత బాగా చెప్పలేకపోయాడు, మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఆమె కట్టు కట్టిన తన చేతివైపు చూసుకుంది.

"అయితే నా చేతులారా నేనే..."

"నువ్వొక్కదానివే కాదు. ఆ డబ్బా కొనుక్కొచ్చిందెవరు? రోగం రాకుండా చూసుకుంటున్నామనే అనుకున్నాం ఇద్దరం. ఇకమీద జబ్బు చేస్తే పశువుల డాక్టర్ని పిలుద్దాం, ఆయన చెప్పిన మందు చెప్పినంతా ఇద్దాం."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదలడం మాత్రం ఆయనకి కనబడింది. అద్దంమీద అరచెయ్యి ఆనించడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు.

చివరికి ల్యాబులో పరీక్షించిన మందుల్లో ఒకే ఒక్కటి ఆ క్రిములమీద పనిచేసింది. అది ఎక్కించాక జ్వరం మెల్లగా దిగింది. అప్పుడు నర్సు ఆయనకి గౌను తొడిగి, రబ్బరు చేతి తొడుగులు వేసి లోపలికి పంపింది.

ఆయన మంచం పక్కన కూర్చుని ఆమె బాగున్న చెయ్యి అందుకున్నాడు. ఆమె వేళ్ళు ఆ రబ్బరుమీద తడుముతూ ఉండిపోయాయి.

"మీ చెయ్యిలాగే లేదు" అంది.

"తియ్యకూడదట."

"తెలుసులెండి. వదలకండి."

ఇన్నేళ్ళ కాపురంలో భార్యని ఆయన నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగడు. అన్నీ అడక్కుండానే అమిరిపోయేవి.

"తొందరగా ఇంటికొచ్చెయ్యవే" అన్నాడు. "నాకేం బాలేదు."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. బయట అద్దం దగ్గర కూతురు కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.