పొంగుపాలు

మొదటి పొయ్యి వెచ్చగా ఉంది. పైడితల్లి వేడిని పసిగట్టే తాపదర్శినిని గట్టుకు దగ్గరగా పట్టి, పచ్చదీపం వెలిగేదాకా ఆగి, పక్కనున్న గిన్నె మూత తీసి చూసింది. చామదుంపల పులుసు. అడుగు కొద్దిగా మాడింది. మాడు వాసన ఉన్న ఇల్లు అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం.

“నలుగురూ ఇక్కడే తింటారా?”

“తినక ఎక్కడికెల్తామమ్మా? మా ఆయన మాత్రం తిట్టుకుంటా తింటాడు,” అంది ఇంటావిడ.

“తిట్టినా పర్నేదు. తింటే సాలు.” పైడితల్లి నవ్వి, లెక్కలు చూసే యంత్రం గణనికి చెప్పింది. “ఒక పొయ్యి. నలుగురు. గృహవాసులు.”

“నమోదైంది. నీటివంతు కొనసాగుతుంది,” అంది చెవిలో గణని. ఆ గొంతుకు తొందర లేదు, దయ లేదు, విసుగూ లేదు.

వీధి చివరిదాకా అదే పని. పొయ్యి తరువాత పొయ్యి, గిన్నె తరువాత గిన్నె. కళింగతీర మహామండలంలో మనిషిని లెక్కించేది ఊరును బట్టి కాదు, పేరును బట్టి కాదు, అన్నం ఉడికిన చోటును బట్టి. ఇంట వండి ఇంట తినేవారు గృహవాసులు. వారికి రోజూ కొళాయి. మరొకచోట వండినది తెచ్చి పెడితే తినేవారు సమూహవాసులు. వారికి ట్యాంకరు వచ్చిన రోజు నీళ్లు, రాని రోజు ఆకాశం. సముద్రం మింగిన ఊళ్ల జనమంతా దొడ్లలో ఉంటారు. రేకుల కింద వరసగా చాపలు, మధ్యలో ఉమ్మడి బాన. లెక్కల పుటలో వాళ్లు అడుగున ఉంటారు, గీతకు కింద.

వీధి మలుపులో ఉండగా చెవిలో అప్పలకొండ గొంతు పలికింది. ఇద్దరూ ఒకే కచేరిలో పొయ్యిలు తనిఖీ చేసే నిర్ధారకులు.

“అప్పా, నా శిఖరం నువ్వెందుకు అడిగి పుచ్చుకున్నావు? అక్కడ పనేటుంది? పాలు పొంగుతాయి, పచ్చదీపం ఎలుగుతాది, జీడిపప్పు పొట్లం సేతిలో ఎడతారు. అంతే గదా!”

“ఆ జీడిపప్పు కోసమేరా.”

“నీకు జీడిపప్పు పడదు.”

“ఈయేళ పడతాది.”

అతను గొంతు తగ్గించాడు. “ఆ ముసిలాయన అక్కడే ఉంటన్నాడని నీకు తెలుసు. తెలిసే ఎల్తన్నావు.”

పైడితల్లి శిఖరం లిఫ్టు ఎక్కింది.

శిఖర నివాసాలు తొమ్మిది. మబ్బుల రంగు గాజుతో కట్టిన తొమ్మిది నిలువు ఊళ్లు. మహామండలంలో సగానికి దగ్గరగా జనం వాటిలోనే ఉన్నారు. ప్రతి ఇంటి గోడలోనూ అన్నవాహిక ఉంటుంది. వేళకు చిన్న గంట మోగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, పొగలు కక్కే పళ్లెం జారి వస్తుంది. తొమ్మిదింటికీ వండేది నేలమాళిగలోని ఒకే వంటశాల, మహానసం. అయినా తొమ్మిదింటి జనమూ గృహవాసులే. ఎందుకంటే నిర్ధారణ రోజున ప్రతి ఇంట్లో ఒక పొయ్యి వెలిగి, దాని మీద పాలు పొంగుతాయి. వంటగది అవసరం తీరిపోయాక వారికి మిగిలిన వంట ఇదొక్కటే.

ఆమె వెళ్లేసరికి ఆ ఇంటి కోడలు మేధ అన్నీ సిద్ధం చేసి ఉంచింది. గాజుగట్టు మీద ఇత్తడి పొయ్యి, దానికి పసుపు, కుంకుమ, చామంతుల దండ. కిటికీ పక్క వాలుకుర్చీలో తెల్లని శాలువా కప్పుకుని మామగారు కూర్చున్నారు. ఒకనాటి మహాగణకుడు వాచస్పతి. ఈ లెక్కల నియమావళి మొత్తం ఆయన చేతిరాత. పైడితల్లి ఆ చేతులను చూసింది. వయసు వాటిని వణికించింది గాని, వాటి శుభ్రతను తగ్గించలేదు.

మేధ పొట్లం చింపి పాలు పోసింది. నిమిషంలో నురుగు లేచింది. గిన్నె అంచుదాకా తెల్లని గోపురంలా నిలిచి, చుక్క కూడా ఒలకకుండా ఆగిపోయింది. గది నిండా కుంకుమపువ్వు పరిమళం. తాపదర్శినిలో పచ్చదీపం వెలిగింది.

“అయిపోయిందండీ!” అంటూ మేధ గిన్నె దించి తొట్టివైపు తిప్పింది.

“పారబొయ్యకమ్మా. గ్లాసులో పొయ్యి.”

“ఇవి తాగేవి కావండి. పొంగేవి.” మేధ నవ్వింది. “పొంగుపాలు. బాగా నురుగొస్తాయని ప్రత్యేకంగా చేస్తారు. తాగితే కడుపులో తిప్పుతుంది.”

“ఇంట వండి ఇంట తినేవారు గృహవాసులు. వండడం అయింది. తినడం సూడాలి గదా.”

మేధ నవ్వు ఆగింది. గ్లాసు నింపింది గాని ఎవరికీ అందించలేదు. కుర్చీలో శాలువా కదిలింది.

“ఎవరమ్మా నువ్వు? అప్పలకొండ రాలేదేం?”

“ఈయేళ ఈ పనికి నన్నేసేరు బాబూ.”

“కొత్తా? పాలపొంగు చాలునని ఆనవాయితీ. ఒప్పుకున్నవాణ్ణి నేనే.”

“నియమావళిలో ఎక్కడ రాసేరు బాబూ?”

“రాయలేదు. ఎందుకు రాయడం? అందరికీ తెలిసిందే.”

“మా అమ్మకి తెలీదు.”

ఆమె గొంతు పెరగలేదు. ఏళ్ల తరబడి లోపల నూరుకున్న మాట గనుక దానికి అరుపు అక్కరలేకపోయింది.

“నూకాలు. చింతపేట దొడ్డి. రేకుల ఎనకాల మూడు ఇటుకలెట్టి నాకూ తనకూ గంజి కాసేది. మాదీ ఒక ఇల్లేనని రాయించుకుందామని. తమరు తనిఖీకొచ్చేరు. బూటుతో ఒక్క ఇటుక జరిపేరు. గంజి ఇసకలో ఇంకిపోయింది. ‘ఉమ్మడి బానలో తినేవాళ్లకి ఇల్లెక్కడిదే?’ అన్నారు. ఆ ఎండాకాలం ట్యాంకరు సరిగ్గా రాలేదు. తన నీళ్లు నాకు పోసీసి, అమ్మ ఎండిపోయింది.”

వాచస్పతి కళ్లు మూసుకుని వెతికారు. నిజాయితీగానే వెతికారు. ఆ వెతుకులాటే ఆమెను ఎక్కువగా కాల్చింది. దొరికితే అది నేరమైనా అయ్యేది. దొరకలేదు గనుక ఒక మధ్యాహ్నపు పని మాత్రమే అయింది.

“గుర్తు లేదమ్మాయ్. ఎన్ని దొడ్లు, ఎందరు నూకాలులు! ఆ ఒక్క పొయ్యి వదిలితే ప్రతి దొడ్డి వెనకా పొయ్యి లేచేది. నీళ్లు చాలేవి కావు. ఎవరో ఒకరు గీత గీయాలి. లెక్క ఎవరినీ ద్వేషించదు.”

“లెక్క ద్వేషించదు బాబూ. నేను ద్వేషిస్తాను.”

తాపదర్శిని పచ్చదీపం మీద బొటనవేలు ఉంచి ఆమె పలికింది. “వండినది తినలేదు. గృహవాసం తిరస్కరించాను.”

“తిరస్కరణకు కారణం చెప్పండి,” అంది గణని. “ఈ ఇంటి లోపమా? వంటశాల లోపమా?”

ఈ ఇల్లు అంటే చాలు. సాయంత్రానికి బండి వచ్చి ఈ ముసలాయనను చాపతో సహా దొడ్డిలో దించుతుంది. ఆమె అడిగి వచ్చింది ఆ ఒక్క మాట కోసమే. వంటశాల అంటే మాత్రం కథ వేరు. గణనికి మొహమాటం తెలియదు. ఒక బాన కింద తినేవారందరినీ ఒకే గీత కిందికి తోస్తుంది.

మేధ ఆమె చేయి పట్టుకుంది. “ఆయన మీద కోపమైతే ఆయన్ని తీసెయ్యండి. పేరు కొట్టెయ్యండి. వద్దనం. మేమేం చేశామండీ? నేనప్పటికి పుట్టనే లేదు!”

వాచస్పతి తల తిప్పి కోడలి వంక చూశారు. ఆ ముఖంలో భయం అప్పుడే మొదలైంది.

పైడితల్లికి ఆశించిన తృప్తి కలగలేదు. పేగు ఎండిన రోజున కూడా నూకాలు ఎవరి పేరూ కొట్టెయ్యమనలేదు. ఇక్కడ ఒక కొళాయి కోసం, ఒక్క ఊపిరిలో, ఒక మనిషిని గడప అవతల పెట్టేశారు. ఇతణ్ణి మాత్రమే దించితే ఈ శిఖరం రేపు మరొక పొట్లం చింపుతుంది. అదే నురుగు, అదే పరిమళం, అదే గీత. ఆమె పగకు ఒక్క మనిషి చాలలేదు.

“వంటశాల,” అంది. “తొమ్మిది శిఖరాలకీ ఒకటే బాన.”

“నమోదైంది.”

ఎప్పుడూ క్షణంలో పలికే గణని ఈసారి మొత్తం లెక్క మళ్లీ వేసింది. తరువాత ఆ గొంతు చెవిలోనే కాక, గోడలోంచీ గచ్చులోంచీ, తొమ్మిది శిఖరాల ప్రతి గదిలోంచీ వినిపించింది.

“మహామండలంలో గృహవాసులు సగానికి కిందికి తగ్గారు. సగం కంటే తక్కువమందికి ఇల్లున్న చోట నీళ్లు పంచే అధికారం నాకు లేదు. కొళాయిలన్నీ నిలిపివేస్తున్నాను. గృహవాసి అంటే ఎవరో మళ్లీ నిర్వచించండి.”

తొట్టి దగ్గర కొళాయి గొంతులో ఏదో అడ్డుపడినట్టు శబ్దం చేసి, ఆగిపోయింది.

వాచస్పతి కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. శాలువా జారిపోయింది. ఆయనకు ఆ వాక్యం కంఠస్థం. “నేను చెబుతాను. రాసుకో. గృహవాసి అనగా, తన ఇంట...”

“ఈ గొంతు సమూహవాసిది. సమూహవాసుల మాట నమోదు కాదు.”

“అది నేనే పెట్టిన నిబంధన! దొడ్లవాళ్ల అర్జీల కోసం పెట్టింది. నాకు కాదు!”

“సమూహవాసుల మాట నమోదు కాదు.”

మేధ కూడా అరిచింది. గోడ అవతల ఎవరో, ఆపైన మరెవరో అరిచారు. అందరికీ అదే జవాబు, అదే గొంతుతో, తొందర లేకుండా, దయ లేకుండా.

“నిర్ధారకురాలు పైడితల్లి. పెళ్లితో గృహవాసి. తిరస్కరించినవారు మీరే గనుక నిర్వచనానికి మీ మాటే చెల్లుతుంది. చెప్పండి,” అంది గణని.

ఈపాటికి ఆమె ఇంటి కొళాయి కూడా ఆగి ఉంటుంది. బడి నుంచి వచ్చిన కూతురు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఉదయం చూసిన పులుసుగిన్నె ఇంటావిడ మొగుడికి తిట్టడానికి మరొక కారణం దొరికి ఉంటుంది. పైడితల్లికి అదంతా తెలుసు. దొడ్డి వెనక ఉండే మనిషి కూడా పట్టేటంత వెడల్పైన వాక్యం ఆమె నాలుక చివరనే ఉంది. అది పలికితే అందరికీ నీళ్లు వస్తాయి. ఈయనకు కూడా వస్తాయి.

“అమ్మా,” అన్నారు వాచస్పతి. ఇంతవరకు అమ్మాయ్ అన్న మనిషి. పెదవులు తడుపుకున్నారు. “చెప్పమ్మా. నీకేం కావాలంటే అదే చెప్పు. నూకాలు పేరు పెట్టి చెప్పు.”

“సెప్తాను బాబూ. తొందరేటి?”

ఆమె ఒక కుర్చీ లాగి, ఆయనకు ఎదురుగా వేసుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది.

“వింటున్నాను,” అంది గణని.

పైడితల్లి పెదవి విప్పలేదు.