మైనం చల్లారేదాకా

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీద రెండు గిన్నెలు ఉంటాయి. ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో జిగురు. పాలు పొంగకుండా తల్లి చూసుకుంటుంది, జిగురు మాడకుండా తండ్రి చూసుకుంటాడు. ఎప్పుడైనా ఆయన పరధ్యానంగా పాలగిన్నెలో కుంచె ముంచబోతే, "అది పిల్ల టీకి, మాండలిన్‌కి కాదు" అంటుంది ఆవిడ తల తిప్పకుండానే.

ఆ రోజూ అంతే అంది. తర్వాత టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తాగడం లేదు. వేళ్ళు వేడెక్కి కాస్త వంగేదాకా అలాగే పట్టుకుంటుందని చలి మొదలైనప్పటి నుంచీ కూతురు గమనిస్తూనే ఉంది. అడిగితే టీ కాలుతోందని చెప్పి తప్పించుకుంటుంది.

ఇంటి ముందు గదే దుకాణం. గోడలకి సగం చేసిన మాండలిన్లు, మెడ ఊడిన గిటార్లు, బిగింపుల్లో ఆరుతున్న పలకలు. వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. చదువైపోయాక కూతురు కూడా ఆయన పక్కనే ఒక బల్ల వేసుకుంది. తీగల కింద లేచిపోయిన బ్రిడ్జీలు అతికించడం, మెడ మీద అరిగిన ఫ్రెట్లు మార్చడం, గిటార్ల పనంతా ఆమెది. కొత్త మాండలిన్ చెక్కపని మాత్రం ఆయన ఎవరి చేతా ముట్టించడు.

అసలు పని తీగలు బిగించాక మొదలవుతుంది. కొత్త మాండలిన్ గొంతు బిగుసుకుని ఉంటుంది. రోజూ ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకుని వాయిస్తూ ఉంటే కొన్ని వారాలకి పై పలక సడలి, లోపలి నుంచి మాట బయటికొస్తుంది. మేస్త్రికి చెక్క తెలుసు, మంచి చెవి ఉంది, కానీ ఆయన వేళ్ళకి పాట రాదు. ఆ పని తల్లిది. మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుని, వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని వాయిస్తుంది. అలా వాయిస్తూ ఒకరోజు ఉన్నట్టుండి ఆగుతుంది. ఆ స్వరాన్నే మళ్ళీ మీటి చూస్తుంది. ముందు గదిలో ఆయన కూడా చిత్రిక పక్కన పెట్టి తలెత్తుతాడు. గొంతు విచ్చుకుందన్నమాట. ఇక ఆ మాండలిన్ పెట్టెలో పడుకుని, చేయించుకున్నవాళ్ళతో వెళ్ళిపోతుంది.

పెళ్ళైన కొత్తల్లో "మొదటిది నీకే" అన్నాడట ఆయన. ఆ మొదటిదాన్ని ఎవరో చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకునేసరికి మనసు కరిగి ఇచ్చేశాడు. వచ్చేది నీదే అన్నాడు. అదీ వెళ్ళింది. పోనుపోను ఆ మాట ఇంట్లో హాస్యమైపోయింది. కూతురు చిన్నప్పుడు కొత్త చెప్పులు కావాలని మారాం చేస్తే, వచ్చేవి నీవేనని తల్లి నవ్వేది. నవ్వుతున్నప్పుడు ఆవిడ చూపు వెనక గది గోడకున్న కొక్కెం మీద ఉండేదని కూతురికి చాలా ఏళ్ళకి గాని తట్టలేదు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లోనో ఆయన మాండలిన్లున్నాయి. ఆయన ఇంట్లో మాత్రం ఆ కొక్కేనికి ఏదీ నిలవలేదు.

ఈమధ్య ఒక పాత పియానో విప్పడానికి వచ్చింది. ఇక పలకదని దాని సొంతదారులు వదిలేశారు. దాని లోపలి పలకని తల్లి వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, "ఇది" అంది. అంతకంటే ఏమీ అడగలేదు. మేస్త్రి ఆ పలకని కోసి మాండలిన్‌కి పై పలక చేశాడు. ఎన్నడూ లేనంత నిదానంగా చేశాడు. తీగలు బిగించిన రోజు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, "ఇది మాత్రం నీదే. అమ్మలూ, నువ్వే సాక్షి" అన్నాడు కూతురితో.

ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచి కిటికీ దగ్గర కూర్చుంటే లేవడం మరిచిపోయేది. ఒకసారి కూర మాడింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ మాట్లాడకుండా తినేశారు.

గొంతు విచ్చుకున్న వారంలోనే పొడుగాయన వచ్చాడు. సభల్లో వాయించే మనిషి, పాత బేరగాడు. ద్వారబంధం దగ్గర తల వంచి రావాలి గనక వీధిలో ఆయన పేరే అది. ప్రయాణంలో తన మాండలిన్ పగిలిందనీ, వచ్చే నెలలో కచేరీ ఉందనీ చెప్పబోయి మధ్యలో ఆగిపోయాడు. వెనక గదిలోంచి వినిపిస్తోంది. ఒక్కసారి చూడొచ్చా అని అడిగాడు. మేస్త్రి వెళ్ళి తీసుకొచ్చాడు. పొడుగాయన వాయించి, కళ్ళు మూసుకుని, అలాగే కూర్చుండిపోయాడు.

కూతురు తండ్రి మొహం చూసింది. ఆ వెలుగు ఆమెకి తెలుసు. "నాన్నా" అంది మెల్లగా. ఆయన చెవిన వేసుకోలేదు.

"తీసుకెళ్ళండి. వాయించేవాళ్ళ చేతిలో ఉంటేనే కదా దానికి బతుకు" అన్నాడు.

తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి మెత్తటి గుడ్డ తెచ్చింది. తీగల మీద తన వేళ్ళ తడి తుడిచి, పెట్టెలో సర్ది, మూత తనే వేసింది. పొడుగాయన నమస్కారం పెడితే తిరిగి పెట్టింది. వెళ్ళి అంట్లు తోముకుంది.

ఆ తర్వాత బల్ల మీదున్న మరో మాండలిన్‌కి తీగలు పడ్డాయి. మేస్త్రి అలవాటు ప్రకారం దాన్ని వెనక గది కొక్కేనికి తగిలించాడు. మధ్యాహ్నమైంది. ఆవిడ బట్టలు మడత పెట్టింది. మర్నాడు డబ్బాలన్నీ దించి తుడిచింది. ఆ మర్నాడు కూతురి పాత గౌన్లు తీసి, చిరుగు లేని చోట కూడా కుట్టింది. మాండలిన్ కొక్కేనికే ఉంది.

ఒంట్లో బాగాలేదా అని ఆయన అడిగితే బాగానే ఉందంది. ఇక లాభం లేదని ఆయనే వెనక గదిలో కూర్చుని మీటడం మొదలుపెట్టాడు. పక్కింటి ముసలాయన కిటికీ తెరిచి, ఎలుకేమైనా దూరిందా మేస్త్రీ అని అడిగాడు. కూతురు పట్టుకుంటే గిటార్ అలవాటుతో చెయ్యి అడ్డంగా పడింది. వారాలు గడిచినా చెక్క చెక్కలాగే ఉంది.

ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయన ఉండబట్టలేకపోయాడు.

"నీ కోపం నామీద కదా. దాని గొంతెందుకు నొక్కుతావు?"

"నాకేం కోపం లేదు. కూర వేసుకోండి."

"మరి దాన్ని పట్టుకోవేం?"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. "వాయించేవాళ్ళెవరినైనా పిలిపించుకోండి" అంది.

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, నేనన్నది ఆ ఉద్దేశంతో కాదని ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్ళూ ఆ కిటికీ దగ్గర కూర్చుని నేను చేసింది ఏమిటండీ? చెక్కకి గరుకు కాగితం పట్టడమా? నా చేతిలో అది నోరు విప్పుతుంది. నాతో మాట మొదలుపెడుతుంది. రేపు ఇంకేం చెబుతుందో అనుకుంటూ పడుకుంటాను. లేచేసరికి మీరు పెట్టె తెస్తారు." రెండు చేతులూ చాపి చూపించింది. "ఇదివరకైతే పోనీ, ఇంకోటుంది కదా అనుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే ఈ వేళ్ళు వంగడం లేదు. ఇంకోటీ ఇంకోటీ అనుకునేంత కాలం వీటికి లేదు."

వేళ్ళ సంగతి ఆయనకి తెలియదు. పొయ్యి దగ్గర రోజూ పక్కనే నిలబడతాడు, అయినా తెలియదు. కంచం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

కచేరీకి ఇంకా కొద్ది రోజులుందనగా పొడుగాయన మళ్ళీ వచ్చాడు. మొహమాటపడుతూ పెట్టె తెరిచాడు. గొంతుకి వంక లేదుగానీ మెడ మరీ సన్నగా ఉంది, కాసేపు వాయించేసరికి బొటనవేలు పట్టేస్తోంది, వెనకాల కాస్త చెక్క అతికిస్తారా అని అడిగాడు.

"అనకూడదుగానీ మేస్త్రిగారూ, మీ మాండలిన్లన్నీ ఇంతే. ఇదివరకటిదీ అంతే, సర్దుకుపోయాను. ఎవరో సన్నటి చేతుల మనిషి కోసం చేసినట్టుంటాయి."

నిజమే. ఆ మాట ఎంతమంది నోటో కూతురు విన్నది. కిందటేడు ఒక బేరగాడైతే, మీ నాన్న పిల్లలకే చేస్తాడా ఏమిటి అని వేళాకోళమాడాడు. ఆమె లేచి, తండ్రి బల్ల పైన మేకుకి వేలాడుతున్న చెక్క అచ్చు తీసింది. ప్రతి మెడా దాని గాడిలో సరిపోయేదాకా ఆయన చిత్రిక పడతాడు. చేతుల రాపిడికి అది నల్లబడిపోయింది.

"ఇది ఎవరి చేతి కొలత నాన్నా?"

ఆయన తలెత్తాడు. పొడుగాయన వంక చూశాడు, తర్వాత గుమ్మం వంక. తల్లి టీ పట్టుకుని అక్కడే ఉంది.

"మీ అమ్మది" అన్నాడు చివరికి. "కొత్తల్లో కొవ్వొత్తులు కరిగించి ముద్ద చేసి, గట్టిగా పట్టుకోమన్నాను. ఆ గుర్తు చూసి కోశాను."

ఆవిడ టీ బల్ల మీద పెట్టింది. "అది ఆట అనుకున్నాను" అంది. "ఏదో సరదాకి పట్టుకోమన్నారనుకున్నాను."

"ఆట కాదు. మొదటిది నీకే కదా అని. అచ్చు ఉంది కదా అని తర్వాతవీ దానికే చేశాను. వేరే కొలత నాకు తోచనే లేదు."

ఈ మాటతో తల్లి మెత్తబడుతుందని కూతురు అనుకుంది. ఆవిడ మెత్తబడలేదు.

"కొలత నాదీ, మాండలిన్లు ఊళ్ళోవాళ్ళవీ" అంది. "నా ఒంటికి కొలిచి కుట్టిన బట్టలు వీధిలో అందరికీ తొడిగి, నన్ను చూసి సంతోషించమన్నట్టుంది."

పొడుగాయన వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు. మేస్త్రి కూతురి చేతిలోని అచ్చు అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"వాయించేవాళ్ళు అడిగితే కాదనలేనని చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే. నీకంటూ ఒకటి ఉంటే, నువ్వు దాన్నే పట్టుకుంటావు. మిగతావి నీ చేతికి రావు. నువ్వు పలికించకపోతే నావి ఉత్త పెట్టెలే. ఆ సంగతి నాకు తెలుసు." అచ్చు బల్ల మీద పెట్టాడు. "అందుకే నీ ఒళ్ళో ఏదీ నిలవనివ్వలేదు."

ఆవిడ ఆయన్ని అలా చూస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా మతిమరుపు అనుకుంది, మెతకతనం అనుకుంది. తన చెయ్యి మీద ఇంత భయం పెట్టుకుని బతికాడని అనుకోలేదు. కళ్ళు నిండాయి. కొంగుతో కాకుండా మోచేత్తో తుడుచుకుంది, పనిలో ఉన్నప్పుడు తుడుచుకున్నట్టు.

మేస్త్రి పెట్టెలోంచి పియానో చెక్క మాండలిన్ తీసి పక్కకి పెట్టాడు. ఇది ఇవ్వలేనని పొడుగాయనతో చెప్పాడు. నాది కానిదాన్ని ఇచ్చాను, మన్నించండి అన్నాడు. పొడుగాయన మొహం మాడ్చుకున్నాడు. కచేరీ ముందు పెట్టుకుని ఇదేమిటని గట్టిగానే అడిగాడు. వాయించేవాళ్ళకి లేదనడం మేస్త్రికి అదే మొదటిసారి. మాట తడబడిందిగానీ వెనక్కి తీసుకోలేదు. కొక్కేనికున్న కొత్తది తెచ్చి చేతిలో పెట్టాడు.

"దీని మెడకి మా అమ్మాయి సాయంత్రానికల్లా చెక్క అతికిస్తుంది. రేపు జిగురు ఆరాక తీసుకెళ్ళండి. గొంతు ఇంకా విప్పలేదు. రోజూ వాయించి మీరే విప్పించుకోవాలి."

కొత్త మాండలిన్ మెడని మేస్త్రి మరొకరి చేతికి వదలడం కూడా అదే మొదటిసారి. కూతురు రెండు చేతులా అందుకుంది. పొడుగాయన రెండు తీగలు మీటి, పెదవి విరిచి, ఇంకోసారి మీటాడు. రేపు వస్తానన్నాడు. కోపంగా ఉన్నాడో లేదో తెలియలేదు. వెళ్ళేటప్పుడు తల వంచడం మరిచి ద్వారబంధానికి కొట్టుకున్నాడు.

తల్లి పియానో చెక్క మాండలిన్‌ని ఒళ్ళోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. గొంతు అలాగే ఉంది. ఆవిడ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకున్నట్టుగా పలికింది. కానీ కాసేపటికి ఆగిపోయింది. మెడ చుట్టూ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. తన చేతికే చేసిన మెడ తన చేతికే అందడం లేదు. ఆవిడ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది.

వంటింట్లో అలికిడైంది. మేస్త్రి అలమారలో దేనికోసమో వెతుకుతున్నాడు. కొవ్వొత్తుల ముక్కలన్నీ గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాడు, జిగురుకీ పాలకీ మధ్య. పాలు పొంగుతున్నాయని కూతురు ముందు గదిలోంచి కేక వేస్తే, ఎప్పుడూ లేనిది తనే దించాడు.

మైనం ముద్ద కట్టాక చేతులు మార్చుకుంటూ తెచ్చి, ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు.

"పాత కొలత ఇక పనికిరాదు. నీ చెయ్యి మారింది. నేను చూసుకోలేదు."

"ఎవరెవరికి చేస్తారో ఈ కొలతకి?" అంది ఆవిడ.

"దీనికొక్కదానికే. ఈ కొత్త అచ్చు నీ దగ్గరే ఉంచుకో."

"అయితే మిగతావి ఎవరు పలికిస్తారు?"

ఆయన కొక్కెం వంక చూశాడు. ముద్దని ఆవిడ అరచేతిలో పెట్టాడు. వెచ్చదనానికి వేళ్ళు మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, వంగాయి. ఎక్కడిదాకా వంగగలవో అక్కడ ఆగాయి. ఆ చేతి మీద ఆయన తన చెయ్యి వేశాడు, నొక్కకుండా.

"గట్టిగా పట్టుకోవాలా?"

"వద్దు. నీకు ఎంత హాయిగా ఉంటే అంతే."

ముందు గదిలో కూతురు ఆకురాయి పట్టే చప్పుడు ఆపేసింది. కిటికీలోంచి వస్తున్న ఎండ మాండలిన్ మీద నుంచి జరిగి వాళ్ళ చేతుల మీదికి వచ్చింది.

"తీసేయనా?" అంది ఆవిడ కొంతసేపటికి.

"ఇంకా వెచ్చగానే ఉంది. చల్లారనీ" అన్నాడాయన.