మొహమాటం లేని అభిప్రాయం

"ఈ ఫోటో తీసినాయనకి మల్లెపూలంటే భయమేమోనండి," అన్నాడు జశ్వంత్. "రోడ్డుకి అవతల నించుని తీశారు."

గదిలో నలుగురు నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు.

అది చందానగర్ మార్కెట్లో వీరేశం స్టూడియో పైగది. వారమంతా ఆఫీసుల్లో స్క్రీన్లు చూసి అలసిన పదిహేనుమంది, ఆదివారం పొద్దున ఏడింటికి ఫోటో క్లబ్బంటూ అక్కడ చేరి మరో స్క్రీన్ చూస్తారు. గోడ మీద ఫోటో పడుతుంది. ఎవరిదో చెప్పరు. అందరూ మాట్లాడేదాకా తీసినవాళ్ళు కిక్కురుమనకూడదు. ముందు ఒక మంచి మాట చెప్పాలి, తరువాతే లోపం. ఈ చట్టాలన్నీ వీరేశం పెట్టినవే. నలభై ఏళ్ళు పెళ్ళిఫోటోలు తీసిన మనిషి. విమర్శంటే ఏమిటో మగపెళ్ళివారి దగ్గర నేర్చుకున్నాడు.

"మంచి మాట చెప్పకుండ గిట్ల దూకుతవేంది జశ్వంత్?" అన్నాడు వీరేశం.

"మధ్యలో అడ్డొచ్చిన ఆటో చాలా స్పష్టంగా ఉందండి. అది మంచి మాటే."

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం జశ్వంత్ ఉద్యోగం. జీతం తీసుకుని చేసే పనిని ఆదివారాలు ఉచితంగా చేస్తుంటాడు.

కింద టీ బండి దగ్గర ఆ అమ్మాయి నేరుగా అతని ముందుకొచ్చి నిలబడింది.

"తీసినాయన కాదు, తీసినామె. నేనే. అశ్విని."

"అయ్యో! నేనన్నది ఫోటో గురించండి. మీ గురించి కాదు."

"నేను లేకుండానే దిగిందా అది?"

జశ్వంత్ చేతిలో టీ ఉంది. తాగి నాలుక కాల్చుకున్నాడు.

మరుసటి ఆదివారం గోడ మీద అతని ఫోటో పడింది. వానకి కడిగినట్టున్న హైటెక్ సిటీ అద్దాల మేడలు, నీటిగుంటలో తలకిందులుగా. గదంతా ఆహా అంది. అశ్విని వంతు వచ్చింది.

"చాలా శుభ్రంగా ఉంది. ఇది మంచి మాట. ఎంత శుభ్రమంటే, ఫినాయిల్ వాసనొస్తోంది. ఇన్ని వేలమంది పనిచేసేచోట ఒక్క మనిషీ దొరకలేదా? లేక పక్కకి జరగమన్నారా?"

నిజానికి జరగమన్నాడు. ఇద్దరు ఉద్యోగుల్ని, ఒక సెక్యూరిటీ గార్డుని, ఒక కుక్కని. కుక్క మాత్రమే ఎందుకని అడిగినట్టు చూసింది. చట్టప్రకారం జశ్వంత్ పళ్ళు బిగించి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి అతనికి స్థిమితం తప్పింది.

రోజుకొక ఫోటో, దాని మీద నిర్మొహమాటంగా అభిప్రాయం. ఆ వారంలోనే వాళ్ళిద్దరూ వాట్సాప్‌లో చేసుకున్న ఒప్పందమిది. మీరు పోయి నువ్వు వచ్చింది. అతని ఫోటోల్లోకి మొదట ఒక మోచెయ్యి, తరువాత ఒక చెప్పు, ఆఖరికి నిండుగా ఒక మనిషి వచ్చి చేరాడు. ఆమె ఫోటోల్లో పూలమ్మే ఆవిడ పంటి మీది కిళ్ళీ మరక కూడా కనిపించసాగింది. జశ్వంత్ నిద్ర లేవగానే ఫోన్ చూస్తాడు. నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే ప్రగతి నగర్ చెరువు చుట్టూ రెండు రౌండ్లు నడుస్తాడు. ఎనిమిది నెలల్లో మూడు కిలోలు తగ్గాడు. వాళ్ళమ్మ పుణ్యవతి పచ్చకామెర్ల పరీక్ష చేయించింది. అన్నీ నార్మల్.

చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని చెప్పడానికి మంచి వెలుతురు కోసం చూస్తున్నాడు.

గురువారం, ఆఫీసు మీటింగులో ఉండగా ఫోటో వచ్చింది. నీలం కోటు వేసుకుని, కారుకి ఆనుకుని నవ్వుతున్న యువకుడు. కింద ఒకటే ముక్క. "నీ అభిప్రాయం కావాలి. మొహమాటం వద్దు."

వీరేశం ఈ నెల మనుషుల ఫోటోలే తెమ్మన్నాడు. అశ్విని తీసింది కాబోలనుకున్నాడు జశ్వంత్. బల్ల కింద ఫోన్ పెట్టుకుని, మేనేజర్ కన్నుగప్పి, పదకొండు లైన్లు రాశాడు. కళ్ళలో వెలుగు బాగా పడింది. నవ్వు నిజంగా ఉంది. నిలబడిన తీరులో ధైర్యముంది. ఒకటే లోపం, కారు ఎక్కువైంది. దాన్ని కత్తిరిస్తే మనిషి మిగులుతాడు. మొత్తం మీద ఉంచుకోవచ్చు, ఇంకొకటి వెతకనక్కర్లేదు.

చాలాసేపటికి జవాబొచ్చింది. "సరే. నాన్నకి చెప్తాను."

"నాన్నగారికి ఎందుకు?"

నీలం టిక్కులు. అంతే.

శుక్రవారం ఫోటో రాలేదు. శనివారమూ రాలేదు. పద్నాలుగు సార్లు ఫోన్ చేశాడు. సాయంత్రానికి చెరువు సరిపోక, స్కూటర్ వేసుకుని వీరేశం దగ్గరికి పోయాడు.

"నువ్వేనా! రా, కూసో," అన్నాడు వీరేశం, ఒక కవర్లో ఫోటోలు పెడుతూ. "మంచి పని చేసినవు. అశ్విని వాళ్ళ నాయిన గిప్పుడే వచ్చి పోయిండు. రేపు పదకొండింటికి పెళ్ళిచూపులంట. పిలగాని ఫోటో ఆమె ఫ్రెండెవరో పాస్ చేసిండంట. ఎవరని అడిగితే నీ పేరే చెప్పిండు."

"ఆ నీలం కోటా?" అన్నాడు జశ్వంత్.

"ఏందిరా, నీకు తెల్వదా? సంబంధం ఫోటో చూసి లైటింగ్ గురించి రాసినవా?" వీరేశం కవరు కింద పెట్టేశాడు. "పరేషాన్ గాకు. ఇంగో, గీ కవర్లో అశ్విని ఫోటోలున్నయి, ఆయన మరిచిపోయి పోయిండు. ఇచ్చిరా పో."

బయట వాన మొదలైంది. మామూలుగా అయితే అది ఫోటోకి మంచి వాన. అశ్విని వాళ్ళుండే మదీనాగూడ దాకా జశ్వంత్‌కి ఒక్క ఫ్రేమూ కనబడలేదు. ఎర్ర బ్రేక్ లైట్లు, ముందున్న బస్సు వెనకభాగం మాత్రం కనబడ్డాయి.

తలుపు అశ్విని వాళ్ళ నాన్న గోవిందప్ప తీశాడు. అనంతపురం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ప్లాట్లు అమ్ముతున్న మనిషి.

"ఎవురప్పా నువ్వు?"

"జశ్వంత్‌నండి. ఫోటోలు ఇచ్చి పొమ్మన్నారండి." భయమేస్తే అతనికి అండీలు పెరుగుతాయి.

"ఓహో, ఆ ఫోటోల పిల్లోడివా! రా రా లోపలికి. నీతోనే పని ఉండాది." గోవిందప్ప చేయి పట్టుకుని సోఫాలో కూలేశాడు. నీలం కోటు ఫోటో తెచ్చి చేతిలో పెట్టాడు. "ఈ కారు ఈ పిల్లోడిదేనంటావా? షోరూం ముందర నిలబడి తీయించుకున్నాడా? ఒక ప్లాటు చూపిచ్చి ఇంకో ప్లాటు అమ్మేవోళ్ళని చానామందిని చూసినా నేను."

వంటింటి గుమ్మంలో అశ్విని వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుంది.

షోరూం కారేనండి అంటే చాలు. రేపటి పదకొండు గంటలు ఆగిపోతాయి. జశ్వంత్ ఫోటో వంక చూశాడు. ఎంత వద్దనుకున్నా కన్ను దాని పని అది చేసింది.

"ఆయనదేనండి. వెనక సీట్లో టిఫిన్ క్యారియర్ కనిపిస్తోంది. షోరూం కారులో క్యారియర్ ఉండదండి. మనిషి కూడా మంచివాడిలాగే ఉన్నారండి."

"మరి నువ్వెందుకప్పా అట్ల వణుకుతాండావు?"

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమండి," అన్నాడు జశ్వంత్.

వంటింట్లో గరిటె ఆగింది.

"ఎనిమిది నెలల్లో నాకు చెప్పలేదు," అంది అశ్విని. "నాన్నకి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలాయా?"

"నీకు పద్నాలుగు సార్లు ఫోన్ చేశానండి."

"ఎత్తబుద్ధి కాలేదు. ఈ మనిషి నా పక్కనుంటే నీకెలా ఉంటుందో చెప్తావేమో అనుకున్నా. కారు కత్తిరించమని రాశావు."

"సంబంధమని కింద ఒక ముక్క రాసుంటే..."

"కింద రాస్తే గానీ అర్థం కాని ఫోటో ఫోటోనే కాదని ప్రతి ఆదివారం ఉపన్యాసమిచ్చేదెవరు?"

గోవిందప్ప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఇప్పుడు చెప్పు మరి," అంది అశ్విని. ఈసారి గొంతు కాస్త తగ్గింది. "ఎలా ఉన్నాడు?"

"కళ్ళు బాగున్నాయి. నవ్వు బాగుంది. కోటు కూడా బాగుంది." జశ్వంత్ ఫోటోని బల్ల మీద బోర్లించాడు. "అందుకే నాకు అస్సలు నచ్చలేదు."

అశ్విని తల తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి తెలియలేదు. లోపలినుంచి వాళ్ళమ్మ ఈశ్వరమ్మ గొంతు వినిపించింది. "ముందు ఆయప్పకి టవలియ్యండి. సోఫా తడుస్తాంది."

"అమ్మా, రేపు వాళ్ళని రమ్మనేదా?" అని కూతురిని అడిగాడు గోవిందప్ప.

"వద్దు నాన్నా."

గోవిందప్ప ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోయాడు. తప్పు మాదేనన్నా, మన్నించండి అన్న మాట రెండుసార్లు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు మొహం చిన్నబోయి ఉంది.

"ఒక్క మాటనలేదు. మంచోళ్ళు." జశ్వంత్ వైపు తిరిగాడు. "మీ నాయన పేరేమప్పా?"

"సోమేశ్వరరావు గారండి. ప్రగతి నగర్లో ఉంటామండి."

"రేపు పదకొండుకి ఆయన్నీ అమ్మనీ పిలుచుకోని రా. సరే అన్నానని అనుకోవద్దు. చూస్తాను, మాట్లాడతాను. మా ఇంటామె మైసూర్ పాక్ చేసేసింది, ఎవురో ఒకరు తినాల గదా. నీ ఫోటో ఒకటియ్యి, మా అన్నకి పంపల్ల."

జశ్వంత్ ఫోన్ తీసి వెతికాడు. పదకొండు వేల ఫోటోలున్నాయి. ఒక్కదాన్లోనూ తను లేడు.

"నా దగ్గరుంది," అంది అశ్విని.

ఆమె చూపించిన ఫోటోలో జశ్వంత్ తుమ్మబోతున్నాడు. కళ్ళు సగం మూతపడ్డాయి, చేతిలోని టీ ఒలుకుతోంది, ఫ్రేము ఒక పక్కకి ఒరిగిపోయింది.

"ఇది ఎప్పుడు తీశావు? క్లబ్బులో పెట్టనే లేదే!" అన్నాడు జశ్వంత్.

"పెట్టను," అంది అశ్విని, దాన్ని వాళ్ళ నాన్నకి పంపుతూ. "దీని మీద ఎవరి అభిప్రాయమూ నాకక్కర్లేదు."