మోచేతి దగ్గర ఆరని వెలుగు

"తప్పు మీ వైరింగ్‌దే అండి," తేల్చి చెప్పేసింది కిరణ్మయి.

"మీ ఫిల్మే ఊడొస్తుంది మేడమ్. నా వైర్లకేం పరేషాన్ లేదు," అన్నాడు ఓంకార్, తలెత్తకుండానే.

నానక్‌రామ్‌గూడలోని ఆ కంపెనీ ల్యాబ్‌లో మూడు వారాలుగా ఇదే వరస. రబ్బరులా సాగుతూ వెలిగే పొరను తయారు చేసింది కిరణ్మయి. దాన్ని చొక్కా చేతికి అతికించి, ఫోన్‌లో టైప్ చేసిన అక్షరాలు దాని మీద వెలిగేలా చేయడం ఓంకార్ పని. విడిగా లాగితే పొర రెండింతలు సాగినా వెలుగుతుంది. చొక్కాకు అతికించి మోచెయ్యి మడిస్తే మాత్రం పదోసారికల్లా ఊడి ఆరిపోతుంది.

మర్నాడే డెమో. అక్కడా ఆరిందంటే ప్రాజెక్టు మూత, ఆమెకు బెంగళూరు బదిలీ. బెంగళూరు అనుకోగానే ఈ తగువులమారి మొహమే ఎందుకు గుర్తొస్తోందో తెలియక ఆమెకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం ఓంకార్ తల్లి బుచ్చమ్మ కొడుక్కి టిఫిన్ డబ్బా తెచ్చింది. ఆ వీధి చివరే ఆమెకు జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. బల్ల మీది చొక్కా చేతిని రెండు వేళ్లతో లాగి చూసింది.

"గిదేంది బిడ్డా, బట్ట నిలువుగ కోసిండ్రు? గిట్లయితే సాగనే సాగది. క్రాస్ కటింగ్ చెయ్యాలె. జాకెట్టు గట్లనే కదా కుడ్తం."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పొర సాగుతోంది, కింది బట్ట సాగడం లేదు. ఇన్నాళ్లూ ఒకరినొకరు తిట్టుకున్నారే గానీ బట్ట సంగతి ఎవరికీ తట్టలేదు.

"టైలరమ్మ కొడుకు మీరు. మీకైనా తెలియొద్దా అండీ?"

"తెలిస్తే మీతోని ఇన్ని దినాలు కొట్లాడెటోన్నా?" అన్నాడు ఓంకార్. అతని గొంతులో కోపం లేదు.

సాయంత్రానికి బుచ్చమ్మ బట్టను ఏటవాలుగా కోసి కొత్త చెయ్యి కుట్టిచ్చింది.

డెమోలో చొక్కా తొడుక్కున్నది కిరణ్మయే. పదిసార్లు మడిచింది, ఇరవైసార్లు, వందసార్లు. ఆకుపచ్చ అక్షరాలు చెక్కుచెదరలేదు. హాలంతా చప్పట్లు. "ఇంకో మూడేళ్లు నడపండి," అన్నాడు డైరెక్టర్ శ్రీనివాసులు. ఆమెకు అక్కడే గంతులెయ్యాలనిపించింది.

అందరూ టీకి వెళ్లాక ఫోన్‌లో ఏదో టైప్ చేసి, ఓంకార్ ముందు చెయ్యి చాపింది. చొక్కా చేతి మీద 'సారీ ఓంకార్ గారూ. మీరంటే నాకు ఇష్టం' అని వెలిగింది.

ఓంకార్ రెండుసార్లు చదివాడు. "జర మడవండి మేడమ్. ఆరిపోతదేమో చూస్త."

మడిచింది. ఆరలేదు.

"నాకైతే మొదటి కొట్లాట కాడ్నుంచే ఇష్టం," అన్నాడు.

తన కుట్టు ఎలా నిలిచిందో చూడ్డానికి వచ్చిన బుచ్చమ్మ గుమ్మంలోనే ఆగి, ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివింది. ఆపైన మెడలోంచి టేపు తీసింది.

"చెయ్యి గట్లనే ఉంచు బిడ్డా. పెండ్లి జాకెట్టుకు కొలత తీస్కుంట."