కొట్టేసిన ఇరవై మూడు పేర్లు

భ్రమరాంబ రాసిచ్చిన జాబితాలో ఇరవై మూడు పేర్ల మీద ఎర్ర సిరా గీతలున్నాయి.

ఆమె మైక్రోస్కోపు పక్కకి జరిపి, కాగితాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఐనవిల్లి దారిలో ఉన్న ఆ చిన్న ఫైలేరియా క్లినిక్కులో ఆమె నాలుగేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి రక్తంలో పురుగుంది, ఎవరి కాలు వాచింది అన్నీ ఆమె రిజిస్టరులో ఉంటాయి.

గీతలు కొట్టిన డాక్టర్ రామ్మూర్తి కిటికీ దగ్గర నిలబడి స్లైడ్లు కడుక్కుంటున్నాడు. పట్నంలో క్లినికల్ ఇమ్యునాలజీలో పీజీ చదువుతున్నాడు. ఒకే ఊళ్ళో అందరినీ అవే దోమలు కుడుతుంటే బోదకాలు కొందరికే ఎందుకొస్తుందో, వాళ్ళ రక్తంలో యాంటీబాడీలు కొలిచి తేల్చాలని అతని ఆలోచన. ఆ పరిశోధన ఎవరిమీద, ఎలా చేస్తాడో ముందే ఒక ప్రతిపాదనగా రాసి, సోమవారం తన ప్రొఫెసరుకి ఇవ్వాలి. అందుకే వారం రోజుల క్రితం ఇక్కడికి వచ్చి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ పేర్లు, వాళ్ళు ఊరికి వచ్చిన సంవత్సరం రాసిమ్మని భ్రమరాంబని అడిగాడు.

తన స్లైడు తనే కడుక్కునే డాక్టరుని భ్రమరాంబ అంతవరకూ చూడలేదు. ఆ సంగతి ఇంట్లో వదినకి రెండుసార్లు చెప్పింది కూడా. అందుకే ఇప్పుడు కోపం ఇంకాస్త ఎక్కువగా వచ్చింది.

"ఏవండీ, వీళ్ళేం చేసేరని కొట్టేసేరు?"

అతను వెనక్కి తిరిగాడు. వారంలో ఆమె తనంతట తాను మాట్లాడటం ఇదే మొదటిసారి.

"వాళ్ళు పనికిరారండి. పదేళ్ళయినా ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళే కావాలి. బయటినుంచి వచ్చినవాళ్ళని కలిపితే లెక్క చెడిపోతుంది."

"బయటివాళ్ళెవరండి?"

"మీరే రాసేరు కదా, వచ్చిన సంవత్సరం."

"అది పెళ్ళయిన సంవత్సరం. వీళ్ళంతా కోడళ్ళు."

ఎవరైతే ఏమిటి, పదేళ్ళు నిండలేదుగా అన్నాడతను, తేలిగ్గా. పైగా తను ముప్పై ఇళ్ళు తిరిగానని, ఆడవాళ్ళలో ఇద్దరికి తప్ప ఎవరికీ ఈ జబ్బు లేదని కూడా చెప్పాడు. ప్రతిపాదనలో ఆ మాట అప్పుడే రాసేశాడట.

"ఎక్కడ నిలబడి అడిగేరండి?"

"వీధి అరుగు మీద. మర్యాదగానే అడిగేను."

"అరుగు మీద ఇంకెవరున్నారు?"

"వాళ్ళ మామగార్లు, బావగార్లు..."

"మామగారి ఎదుట నిలబెట్టి, కాలు చూపించమ్మా అన్నారు. లేదండి అన్నారు వాళ్ళు. లేదని రాసుకొచ్చేసేరు."

రామ్మూర్తి చేతిలోని స్లైడు కిటికీ గట్టు మీద పెట్టాడు. భ్రమరాంబ మాట ఆపలేదు.

"మా ఇంటికీ వచ్చేరు. కాఫీ తాగేరు. ఆ కాఫీ ఇచ్చినావిడ మా వదిన. ఆవిడకీ లేదనే రాసుకున్నారు. పుట్టిన ఊరు వదిలి రమ్మన్నదీ మనమే, వచ్చేక బయటివాళ్ళన్నదీ మనమే. వాళ్ళ కాలు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. రేపు పెరటి వైపు నుంచి రండి. చూపిస్తాను."

మర్నాడు అతను పెరటి దారినే వచ్చాడు. అరటిచెట్ల మధ్య నీళ్ళు పారే బోదెలో కాలు జారి, ప్యాంటు మోకాలి దాకా బురదయింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న వదిన కనకదుర్గ అతన్ని కిందినుంచి పైదాకా చూసి, ఆడపడుచు వైపు తిరిగింది.

"స్లైడ్లు కడుక్కునే డాక్టరుగారు ఈయనేనా? ముందు కాళ్ళు కడుక్కోమను."

భ్రమరాంబ ముఖం తిప్పుకుంది. కోపం మీదున్న మనిషికి ఈ వదిన వేళాకోళమొకటి అనుకుంది.

కనకదుర్గ తుని నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. అందరికంటే జానెడు కిందకి కడుతుంది చీర. మామగారు వీధిలోకి వెళ్ళారని రూఢి చేసుకున్నాక అంచు కాస్త పైకి తీసింది. ఎడమకాలు చీలమండ దగ్గర గుండ్రంగా వాచి, చర్మం బిగిసి ఉంది. వచ్చిన రెండో ఏడే జ్వరం మొదలైందని, నెలకోసారి వణుకు వస్తుందని, పనికి బద్ధకమని అనుకుంటారేమోనని ఆడపడుచుకి తప్ప ఎవరికీ చెప్పలేదని, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

భ్రమరాంబ పెరట్లోకి చూపించింది. లుంగీ ఎగ్గట్టి ఆమె అన్నయ్య కొబ్బరికాయలు వలుస్తున్నాడు.

"అన్నయ్య ఇక్కడే పుట్టేడు. రాత్రిపూట తీసిన రక్తంలో స్లైడు నిండా పురుగులే. కాలు చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. వదిన రక్తం అయిదుసార్లు చూసేను, ఒక్క పురుగు లేదు. కాలు ఇదీ. ఒకే ఇల్లు, ఒకే గది, అవే దోమలు. మీరు కొట్టేసిన ఇరవై మూడు మందిలో పదిహేడు మంది ఇలాగే ఉన్నారు. ఎందుకో నాకు తెలీదు. అది తేల్చవలసింది మీరు. మీరేమో కొట్టేసేరు."

రామ్మూర్తి ఆ ఇద్దరి కాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. ఈలోగా వాన మొదలైంది. చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతుంటే అతను సంచీలోంచి ప్రతిపాదన తీసి, మొదటి పేజీ నిలువునా చింపేశాడు.

"నా ప్రశ్న తప్పండి. అడగవలసింది వీళ్ళ గురించే. పెన్నుందా?"

సాయంత్రం దాకా వాన తెరిపివ్వలేదు. అతను అడుగుతుంటే ఆమె రిజిస్టరు చూసి చెప్పింది. ఎంతమంది, ఏ ఊళ్ళనుంచి, వచ్చిన ఎన్నాళ్ళకి జ్వరం. ఇళ్ళకి వెళ్ళేటప్పుడు ఆడమనిషి తోడుండాలని, పరీక్ష పెరటి వైపే జరగాలని ఆమె పట్టుబట్టి రాయించింది. మధ్యలో అతను తలెత్తి చూసినప్పుడల్లా ఆమె రిజిస్టరులోకి చూసింది. ఆమె చూసినప్పుడు అతను కాగితంలోకి చూశాడు. ఇద్దర్నీ చూస్తూ కనకదుర్గ మూడోసారి కాఫీ పెట్టింది.

ఆదివారం అతను పట్నం వెళ్ళాడు. వెళ్ళగానే ఉత్తరం రాస్తానన్నాడు.

పదిరోజులు గడిచాయి. ఇరవై గడిచాయి. కార్డు ముక్క లేదు.

వదిన ఏమీ అడగలేదు. అడక్కపోవడమే భ్రమరాంబకి కష్టంగా ఉంది. తన రిజిస్టరులోని నాలుగేళ్ళ రాత అతని పేరుతో ఎవరి బల్ల మీదో ఉండి ఉంటుందనుకుంది. తన ఇంటి మనిషి కాలు తనే చూపించింది. ఈసారి మీ జబ్బూ లెక్కలోకి వస్తుందని ఆ ఇరవై మూడు మందికీ తనే మాటిచ్చింది. ఇప్పుడు ఎవరి ముఖం ఎలా చూడాలి? స్లైడ్లు కడుగుతూ రెండు పగలగొట్టింది.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం, తిరగబడిన గొడుగుతో అతను క్లినిక్కు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉత్తరం రాయడానికి చేతుల్లేవాండి?" అంది, కూర్చోమనైనా అనకుండా.

"ఒప్పుకోలేదని రాయలేకపోయేనండి. ఒప్పించేక వద్దామని ఆగేను."

ఒక పల్లెటూరి టెక్నీషియన్ రిజిస్టరుని నమ్ముకుని పరిశోధనేమిటని ప్రొఫెసరు మూడుసార్లు తిప్పి పంపారట. ఆ రిజిస్టరు ఒక్కసారి తెప్పించుకుని చూడమని ఇతను మూడుసార్లూ మళ్ళీ వెళ్ళాడట, చివరికి ఒప్పుకున్నారట. చొక్కా లోపల దాచిన టైపు కాగితాలు తీసి బల్లమీద పెట్టాడు. మొదటి పేజీలో అతని పేరు కింద సహ పరిశోధకురాలని ఆమె పేరుంది.

ఆమె ఆ పేరుని రెండుసార్లు చదివింది. కోపం ఎటు పోయిందో వెంటనే తెలియలేదు.

"మూడో పేజీ కూడా చూడండి."

బయటినుంచి వచ్చినవాళ్ళ పట్టిక అది. స్త్రీలు ఇరవై మూడు. పురుషులు సున్న. ఆ సున్నని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఒకటి వేసి ఉంది.

"ఈయనెవరండి?"

"జగ్గంపేట మనిషి." అతను చెంపకి కారుతున్న వాననీళ్ళు తుడుచుకున్నాడు. "ఎప్పుడూ ఆడవాళ్ళే ఊరు వదిలి రావాలా అని ఆలోచించేను. చదువు అయ్యేక ఇక్కడే ఉండిపోతాను. మీకిష్టమైతే."

భ్రమరాంబ తలెత్తలేదు.

"పదేళ్ళ లోపువాళ్ళు పనికిరారని ఎవరో చెప్పేరే."

"పదేళ్ళూ ఉండి చూపిస్తానండి."

ఆమె రిజిస్టరు దగ్గరకి లాక్కుంది. ఇరవై మూడో పేరు కింద కొత్త వరుసలో, నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. రామ్మూర్తి. జగ్గంపేట. వచ్చిన సంవత్సరం, 1984.

ఆ పక్కనే ఉన్న పెళ్ళయిన సంవత్సరం గడి దగ్గర పెన్ను ఆగింది.

"అది ఖాళీగా వదిలేసేరేమండి?" అన్నాడతను.

"ఆయ్. అది నాన్నగారిని అడిగి రాద్దాం. ఈసారి మాత్రం వీధి అరుగు మీదకే రండి."