పంచదార అని రాసున్న డబ్బా

పెద్దాయన వంటింట్లో వెల్లకిలా పడి ఉన్నాడు. నుదుటి మీద గాయం. పెదవుల మీద, గడ్డం మీద తెల్లటి పొడి.

ఉదయం ఆరున్నరకి ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి చూశాడు. వెంటనే లోపలికి అడుగుపెట్టలేదు.

అలమర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నేల మీద మూతలు ఊడిన డబ్బాలు. ఒక సీసా పగిలింది. బాదంపప్పులు స్టవ్ కింది దాకా దొర్లాయి.

"దొంగలు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఏదో వెతికారు. పెద్దాయన అడ్డొచ్చాడు. తోశారు. గట్టు అంచు తగిలింది."

"నోట్లో పొడి కూడా దొంగలే పోశారా?"

హెడ్ టోపీ సర్దుకున్నాడు.

చనిపోయినాయన గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యాడు. వీధిలో అందరికీ గార్డు గారు. వయసు డెబ్బై రెండు. పదేళ్ళుగా షుగర్.

ఇన్‌స్పెక్టర్ వంగి డబ్బాలు చూశాడు. చేత్తో ముట్టుకోలేదు. ఒకదాని మీద 'పంచదార' అని కాగితం అంటించి ఉంది. అందులో సగం తెల్లటి పొడి. పక్కనే బిస్కెట్ల డబ్బా. అందులో ఉన్నవి బాదంపప్పులు. పగిలింది జామ్ సీసా. అందులోంచి ఒలికింది ఆలివ్ నూనె.

ఉప్పు డబ్బా అలమరలోనే ఉంది. మిరియాల డబ్బా కదల్లేదు. నెయ్యి సీసా మూత బిగించే ఉంది.

పై అరలో పాత సామాను. ఇత్తడి గిన్నె, కిరసనాయిలు దీపం, మందులు నూరుకునే చిన్న రాతి కల్వం. గిన్నె మీదా దీపం మీదా దుమ్ము వేలెడు మందాన పేరుకుంది. కల్వం మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.

"ఫోటోలు తియ్యి," అన్నాడు. "ఆ కల్వం విడిగా ప్యాక్ చెయ్యి."

"కల్వం ఎందుకు సార్?"

"ఆ అరలో ఒళ్ళు తోముకున్నది అదొక్కటే."

*

హాల్లో ముగ్గురున్నారు. కొడుకు, కోడలు, పక్క వీధిలో ఉండే కూతురు. కొడుకూ కోడలూ మేడ మీద పడుకున్నారు, రాత్రి చప్పుడేమీ వినలేదట.

కూతురు అడక్కముందే మొదలుపెట్టింది.

"నా తమ్ముడి పెళ్ళామే చంపింది. రాసుకోండి. మూడు నెలల నుంచి మా నాన్నకి ముద్ద అన్నం పెట్టలేదు."

"విషం పెట్టిందంటారా?"

"నోట్లో ఆ పొడి ఏంటి మరి? విభూతా?"

"మీ నాన్నగారిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

ఆమె చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది. "నిన్న సాయంత్రం. ఊరికే చూసి పోదామని వచ్చాను."

"ఏమైనా తెచ్చారా?"

"ఏం తెస్తాను? ఈ ఇంట్లోకి తినేది తేనిస్తే కదా."

ఇన్‌స్పెక్టర్ ఆ సంచీ వైపు ఒకసారి చూసి, కోడలి వైపు తిరిగాడు.

కోడలు పొట్టి మనిషి. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు తడబడలేదు.

"ఏం తింటారమ్మా మీ ఇంట్లో?"

"పేలియో సార్. ఆదిమానవుడు తిన్నదే తినాలి. మాంసం, గుడ్లు, కూరలు, బాదం. అన్నం లేదు, గోధుమ లేదు, పప్పు లేదు, పాలు లేవు, పంచదార లేదు."

"ఉన్నదేంటి?"

"పని. తెల్లారి లేచి ఎముకలు ఉడకెయ్యాలి. కూరలు తరిగేసరికే మధ్యాహ్నం అవుతుంది. కుట్టు మిషను మూలపడింది. కాఫీ దొరకదని చుట్టాలు కూడా రావడం మానేశారు." మెడలో టేపు వేలికి చుట్టుకుంది. "సుఖం ఏదైనా ఉందంటే అదొక్కటే."

"మామగారు ఒప్పుకున్నారా?"

"మొదట్లో ఎగతాళి చేసేవారు. రాతియుగం వాళ్ళకి పెన్షనుండేదా అని అడిగేవారు. తరవాత తగాదా. ఆకలితో చంపుతున్నారర్రా అని కేకలేసేవారు. వీధంతా విన్నారు."

"ఎవరి మీద కేకలు?"

"నా మీదే. కొడుకు మీద కేకలేస్తే గంట ఉపన్యాసం వినాలి కదా."

"ఆ తెల్ల పొడి ఏంటి?"

"కొబ్బరి పిండి. పంచదార మా ఆయన పారబోయించాక ఆ డబ్బాలో అది పోశాను. పేరు మార్చాలనుకుంటూనే ఉన్నాను. తీరిక లేకపోయింది."

"మామగారికి తెలీదా?"

"ఆయన వంటింట్లోకి రారు సార్. మంచినీళ్ళు కావాలన్నా కేకే."

"పై అరలో కల్వం ఎప్పుడు వాడారు?"

ఆమె తలెత్తి అరకేసి చూసింది. "అదా? నాకందదు. నూరేవన్నీ మిక్సీలోనే."

"నిన్న రాత్రి ఏం తిన్నారు?"

"ఏడింటికి ఎముకల సూపు. అందరికీ ఒకటే గిన్నెలోది. నేను కప్పుల్లో పోస్తాను. మామగారి కప్పు మా ఆయనే పట్టుకెళ్తారు. ఈ ఇంట్లో ఆయన చేసే పని అదొక్కటే."

*

కొడుకు పొడుగ్గా, పలచగా ఉన్నాడు. కార్ల షోరూంలో మేనేజరు. నాలుగు వందల మంది ఉన్న పేలియో గ్రూపు నడుపుతాడు. అందులో అందరూ అతన్ని కోచ్ అంటారు. వారానికోసారి తండ్రి షుగర్ లెక్క అందులో పెడతాడు. నాలుగు వందల చప్పట్లు పడతాయి.

మాట్లాడుతున్నంతసేపూ ఫోను టింగుమంటూనే ఉంది. అతను దాన్ని బోర్లించాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ బోర్లించాడు.

"నాన్నగారు మందులేం వాడతారు?"

"ఏమీ లేవు. రెండు నెలలైంది మానేసి. వీడియో ఉంది, చూపించనా?"

వీడియోలో కోచ్ నవ్వుతూ మాత్రల అట్టలు చెత్తబుట్టలో వేస్తున్నాడు. వెనక కుర్చీలో పెద్దాయన. చప్పట్లు కొట్టమన్నట్టున్నారు, కొడుతున్నాడు.

"డాక్టరు మానెయ్యమన్నాడా?"

"డాక్టర్లు ఎందుకు మానెయ్యమంటారు సార్? వాళ్ళ బతుకుతెరువు కదా."

"ఈ ఆదివారం ఏదో మీటింగుందట."

"ఔను. నాన్న స్టేజి ఎక్కాలి. ఎక్కాల్సింది." గొంతు సవరించుకున్నాడు. "మాత్ర లేకుండా షుగర్ గెలిచిన మనిషి అని బ్యానరు కూడా వేశాం."

బయటికి వెళ్తూ ఇన్‌స్పెక్టర్ తలుపు పక్క కొక్కేనికి వేలాడుతున్న పాత గార్డు కోటు చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకి రవ్వలా ఏదో తగిలింది. తీసి వాసన చూశాడు.

రొట్టె పొడి. తియ్య బన్నుది.

గోధుమ అన్నది గడప తొక్కని ఇంట్లో.

*

ఇన్‌స్పెక్టర్ భార్య పోయి ఆరేళ్ళు. అతని వంటింట్లో డబ్బాల మీద పేర్లు ఆవిడ చేతిరాతే. కారం అని ఉన్న దాంట్లో ఇప్పుడు బ్లేడ్లుంటాయి. కందిపప్పు డబ్బాలో కరెంటు బిల్లులు. అయినా పొద్దున నిద్రమత్తులో చెయ్యి పేరునే నమ్ముతుంది. అలా ఒకసారి టీలో సబ్బుపొడి వేసుకున్నాడు. నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు.

అతను ఆ రెండు రోజులూ సరిగ్గా నిద్రపోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పోస్ట్‌మార్టం డాక్టరు ఫోన్ చేశాడు.

"నోట్లోది కొబ్బరి పిండే. విషం లేదు. గొంతులో కూడా ఉంది, గుప్పిళ్ళతో మింగడానికి చూశాడు. తల గాయం చిన్నది, దానితో పోలేదు."

"మరి?"

"రక్తంలో షుగర్ మాత్ర ఉంది. బలవంతంగా షుగర్ దించే రకం. నిండు డోసు."

"మాత్రలు రెండు నెలల క్రితమే మానేశాడు."

"ఆయన మానేశాడేమో. ఎవరో మానలేదు. కల్వంలో దొరికింది కూడా అదే మందు. అంచు పగుల్లో మిగిలింది."

ఫోన్ పెట్టగానే రెండోది మోగింది. డీఎస్పీ.

"వంట చేసేది కోడలు. తగాదా పడ్డది కోడలితో. ఆడపడుచు నా ఆఫీసు ముందు కూర్చుంది. సాయంత్రానికి అరెస్ట్ చూపించాలి."

"చూపిస్తాను సార్."

ఎవరినో చెప్పలేదు.

*

నాలుగింటికి ముగ్గురినీ వంటింట్లోనే నిలబెట్టాడు. గుమ్మం దగ్గర చిన్న బ్యాగు ఉంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కోడలితో.

"మీరు తీసుకెళ్తారని వదిన చెప్పింది. రెండు జతల బట్టలు సర్దుకున్నాను."

కూతురు మొహం తిప్పుకుంది.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద మూడు డబ్బాల ఫోటోలు పరిచాడు.

"ఇంట్లోకి దొంగ రాలేదు. వెతికింది పెద్దాయనే. ఏం వెతికాడో ఆయన తెరిచినవే చెబుతాయి. పంచదార, బిస్కెట్లు, జామ్. ఉప్పు ముట్టుకోలేదు. నెయ్యి ముట్టుకోలేదు. తీపి పేరున్నవే తెరిచాడు."

కూతురు ఫోటోల మీదికి వంగి చూసింది.

"షుగర్ పడిపోతే ఒళ్ళు వణుకుతుంది. చెమటలు పడతాయి. కళ్ళు చీకట్లు కమ్ముతాయి. పదేళ్ళుగా రోగి, ఏం చెయ్యాలో తెలుసు. నాలుక మీద పంచదార పడాలి. మంచినీళ్ళకి కూడా లేవని మనిషి గోడ పట్టుకుని ఇక్కడిదాకా వచ్చాడు. డబ్బా మీద పంచదార అనుంది. గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. తియ్యగా లేదు. ఇంకో గుప్పెడు పోసుకున్నాడు."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే ఇదేగా చంపింది," అంది కూతురు. గొంతులో మొదటి రోజు ఊపు లేదు.

"మీరు రోజూ ఆ సంచీలో ఏం తెచ్చేవారు?"

"ఏం లేదు."

"కోటు జేబులో బన్ను పొడి ఉంది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. 

"రోజుకొక బన్ను. రాత్రి దుప్పటి కప్పుకుని తినేవాడు, దొంగ పిల్లాడిలా. నా తండ్రికి బన్ను పెట్టడం నేరమా?"

"ఆ రోజు కూడా తిన్నాడా?"

"తీసుకోలేదు." ఏడుపు అప్పుడు వచ్చింది. "వద్దే, ఆదివారం వాడు నన్ను స్టేజి ఎక్కిస్తాడట, నలుగురిలో వాడి పరువు పోకూడదు, ఇవాళ్టి నుంచి నిజంగానే పథ్యం ఉంటానన్నాడు. తిరిగి నా సంచీలో పెట్టేశాడు."

ఇన్‌స్పెక్టర్ కోచ్ వైపు తిరిగాడు.

"నాన్న దొంగచాటుగా బన్ను తింటున్నాడు. మాత్ర లేదు. షుగర్ పెరగాలి. పెరిగిందా?"

"మొదట్లో... కొంచెం."

"తరవాత దిగింది. బన్ను ఆగకుండానే దిగింది. ఎలా?"

కోచ్ ఫోను చేతిలో తిప్పుతున్నాడు.

"నీ భార్యకి ఆ అర అందదు. మీ అక్క ఈ వంటింటి గడప తొక్కదు. పెద్దాయన వంటింటికే రాడు. కల్వం ఎవరు దించారు?"

"సార్, నేను..."

"చెత్తబుట్టలో వేసిన మాత్రలు వీడియో ఆపాక ఏం చేశావు?"

కోచ్ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. అక్కడ కుర్చీ లేదు.

"తీసి పెట్టుకున్నాను. ఎందుకైనా మంచిదని."

"మంచే జరిగింది. చెప్పు."

"లెక్క పెరిగింది సార్. పేలియో పని చెయ్యలేదంటారు. నాలుగు వందల మంది... వాళ్ళూ మాత్రలు మానేశారు నన్ను చూసి. ఏం చెప్పను? సూపులో కలిపాను. అది నాన్న మందే కదా. విషం కాదు కదా."

"నాన్నకి చెప్పావా?"

లేదన్నట్టు తల ఊపాడు.

"పెళ్ళాన్ని పట్టుకుపోతారని తెలిసి మూడు రోజులు ఊరుకున్నావు."

కోడలు అతని పక్కనుంచి ఒక అడుగు దూరం జరిగింది.

"ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకున్నంత కాలం ఆయన బతికే ఉన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నీ మాత్రకి ఆ బన్ను సరిపోయేది. నీ పరువు కోసం ఆయన ఒక్క రాత్రి నిజాయితీగా పడుకున్నాడు. నీ మాత్ర మాత్రం పని మానలేదు."

ఫోను టింగుమంది. హెడ్ కానిస్టేబుల్ దాన్ని అందుకుని, అలవాటు కొద్దీ పైకే చదివాడు.

"కోచ్ గారూ, ధైర్యంగా ఉండండి. నాన్నగారి స్ఫూర్తితో మా అమ్మ కూడా ఇవాళ్టి నుంచి మాత్రలు ఆపేసింది."

హెడ్ ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నిజం చెబుతాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా జీపులో కూర్చుని, మా ముందే. మొదటిది ఆవిడకి. తరవాత స్టేషను."

"సార్, కావాలని చెయ్యలేదని..."

"కోర్టుకి చెప్పుకో. నాకు వినే ఓపిక లేదు."

*

జీపులో కోచ్ వెనక సీట్లో కూర్చుని ఫోన్లు చేస్తున్నాడు. మూడో ఫోనుకి గొంతు పోయింది. హెడ్ నీళ్ళ సీసా ఇచ్చి మళ్ళీ చెయ్యమన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ముందు సీట్లో ఉన్నాడు. ఒళ్ళో సీలు వేసిన కవర్. కవర్లో పంచదార అని రాసున్న డబ్బా.

ఇంటి కిటికీలోంచి కోడలి గొంతు వినిపించింది.

"వదినా, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. కాఫీ పెట్టనా?"

కూతురు ముక్కు చీదింది.

"పంచదార లేదుగా ఇంట్లో."

తలుపు తెరుచుకుంది. కోడలు చెప్పులేసుకుని వీధి చివర కొట్టుకి వెళ్ళింది. కాసేపటికి ఒక పాలపాకెట్టు, కిలో పంచదార పొట్లం పట్టుకుని తిరిగొచ్చింది. జీపు పక్కన ఆగింది. పొట్లం కేసి చూసుకుంది, తరవాత అతని ఒళ్ళో ఉన్న డబ్బా కేసి చూసింది.

"అది ఎప్పుడిస్తారు సార్?"

"కేసు తేలాక."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏళ్ళు."

ఆమె తలాడించింది. పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి వెళ్ళింది.

వెనక సీట్లో కోచ్ ఇంకో నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు. హుషారుగా, పెద్ద గొంతుతో, "చెప్పండి కోచ్ గారూ," అన్నారు.