నాయినమ్మ లేచేటంత ఎత్తు

ఆదివారం పొద్దున రఘునాథపల్లిలో కొండల్‌రెడ్డి ఇంట్లో చాయ్ గ్లాసులు ఇంకా చేతికి రాకముందే లొల్లి మొదలైంది. లొల్లికి కారణం వాకిట్లో ఉన్న పొడుగాటి ఎస్టేట్ కారు. వెనక సామాన్లు పెట్టుకునే జాగా కూడా కప్పు కిందే ఉండి, చిన్న గదిలా కనిపించే పాత కారు అది. కొండల్‌రెడ్డి కూతురు సుష్మిత భూపాలపల్లి కరెంటు ప్లాంటులో ఇంజనీరు. అక్కడ రిటైరై పోతున్న పెద్దమనిషి దగ్గర ఆ కారు కొనుక్కుంది. వారమంతా డ్యూటీ చేసి, శనివారం సాయంత్రం అదే కారులో ఇంటికి వస్తుంది. ఇప్పుడు దానికి పొట్టి స్ప్రింగులు వేయించి కారును కిందికి దించుతానంటోంది.

లోకంలో ఎవరైనా బండి ఎత్తు పెంచుకుంటారు గానీ తగ్గించుకుంటారా అన్నాడు కొండల్‌రెడ్డి. ఆయన జీపు ఎక్కాలంటే కాలు నడుము దాకా లేపాలి. రెండుసార్లు సర్పంచిగా నిలబడి రెండుసార్లూ ఓడిపోయిన మనిషికి ఆ మాత్రం ఎత్తు ఉండాల్సిందే. స్పీడు బ్రేకర్లకు కడుపు రాసుకుంటుందన్నాడు. బావి బాటలో ఇరుక్కుంటుందన్నాడు. బావి దగ్గరికి తాను కారులో ఎన్నడు పోయిందో చెప్పమంది సుష్మిత. మలుపు తిరిగితే కారు ఊగిపోతోందని, దించితే రోడ్డును పట్టుకుని పోతుందని వివరించింది.

"కార్ల కూసుంటే కార్ల కూసున్నట్టుండాలె గని, కల్లంల కూసున్నట్టుంటే ఎట్ల బిడ్డా?" అన్నాడు తండ్రి.

తీర్పు చెప్పింది నాయినమ్మ సరోజన. "కారు దానిది. దాని స్ప్రింగులు దాన్నే సూసుకోనియ్యి. నువ్వు ట్రాక్టర్ తెస్తనన్ననాడు మీ బాపు గిట్లనే ఎగిరిండు." ఆ ట్రాక్టర్ ఏ నెలలో, ఏ వారం వచ్చిందో, కొబ్బరికాయ కొట్టిందెవరో, అందులో ఏ చిప్ప కుళ్లిందో కూడా చెప్పింది. ఆమె బడికి పోయింది రెండేళ్లే. కానీ ఆమెకు గుర్తులేనిది ఆ మండలంలో జరగనట్టే లెక్క.

మనవరాలి కారంటే సరోజనకు ప్రాణం. మోకాళ్లు అరిగాక మూడేళ్లు ఆమె గడప దాటలేదు. ఈ కారు వచ్చాక చూస్తే, దాని సీటు సరిగ్గా ఆమెకు కుదిరినట్టు ఉంది. కూర్చోవడం తేలిక, తలుపు పట్టుకుని లేవడం తేలిక. ఇంకేముంది, ఆరు నెలల్లో మహబూబాబాద్‌లో చెల్లెలు బుచ్చి ఇంటికి నాలుగుసార్లు పోయింది. రెండు పెళ్లిళ్లు, ఒక పుట్టువెంట్రుకలు అయ్యాయి. గిట్టని వియ్యపురాలిని పరామర్శించి, ఆమె ఇచ్చిన చాయ్‌లో చక్కెర తక్కువైందని కూడా చెప్పి వచ్చింది.

మధ్యాహ్నానికి జనగామ నుంచి మెకానిక్ దిలీప్ వచ్చాడు. రెండు రకాల స్ప్రింగులు తెచ్చాడు. ఒక రకం కారును ఇంచున్నర దించుతుంది, ఇంకోటి రెండున్నర ఇంచులు. వెనక బరువు వేస్తారా అని అడిగితే సుష్మిత లేదంది. తల్లి పద్మలత మాత్రం, ప్రతి వారం ఈ పిల్ల వెంట పోయే బియ్యం సంచి, కందిపప్పు, పచ్చడి జాడీలు, బర్రె నెయ్యి వరుసగా చెప్పింది. అయితే వెనకవి గట్టివి వేయాలన్నాడు దిలీప్. తాను వచ్చిన కారు కూడా ఇదే రకమని, దానికి రెండున్నర ఇంచులవే ఉన్నాయని, కావాలంటే కూర్చుని చూడమని సరోజనను పిలిచాడు.

సరోజన కూర్చుంది. కూర్చోవడమంటే బావిలో పడ్డట్టే పడింది. తర్వాత లేవబోయింది. నడుము లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. మొహం మీది నవ్వు చెదరనివ్వకుండా, చాయ్ ఇక్కడికే తెమ్మంది. దిలీప్‌ది ఏ ఊరో అడిగి, వాళ్ల తాత ఎడ్లను ఎట్లా పోగొట్టుకున్నాడో ఎత్తుకుంది. గంట గడిచింది. కారు నాయినమ్మకు కూడా నచ్చిందని మురిసిపోయిన సుష్మిత, రెండున్నర ఇంచులవే ఖాయం చేసింది. వచ్చే ఆదివారం జనగామలో బిగించాలి. అందరూ అన్నానికి లేచాక, సరోజన బోర్లా తిరిగి, మోకాళ్ల మీద పాకుతూ బయటపడింది. చూసింది పిల్లలకోడి ఒక్కటే.

తీర్పు చెప్పింది తానే కాబట్టి ఇప్పుడు కాదనడానికి నోరు రాలేదు. పైగా లేవలేనంటే రేపటి నుంచి ఇద్దరు కలిసి లేపడం మొదలుపెడతారు. దానికంటే ఇల్లు కదలకపోవడమే మేలు. ఒక్కటే దారి కనబడింది. వారం రోజుల్లో కింది నుంచి లేవడం నేర్చుకోవాలి.

సోమవారం కుర్చీ, మంగళవారం స్టూలు, బుధవారం బోర్లించిన బకెట్. కోడలు పద్మలత చూసింది గానీ, దవాఖానలో చెప్పిన వ్యాయామం కాబోలు అనుకుంది.

ఆదివారం పొద్దున కారు జనగామకు బయల్దేరే వేళకు నాయినమ్మ కనబడలేదు. వెతికితే బర్రెల కొట్టంలో పీట మీద దొరికింది. పాలు పిండిన వేళ నుంచి అక్కడే ఉంది. కోడిపిల్లల్ని లెక్కపెడుతున్నానంది. కొండల్‌రెడ్డి చంకల కింద చేతులు వేయబోతే ముట్టొద్దంది. అప్పుడు పద్మలత కుర్చీ సంగతి, బకెట్ సంగతి చెప్పేసింది.

కొండల్‌రెడ్డి కూతురి మీదికి తిరిగాడు. "సూసినవా నీ షోకు? మా అవ్వను పీట మీదికి తెచ్చినవ్."

"దాన్ననకు," అంది సరోజన. "నీ ఎత్తు బండ్లకెల్లి నన్ను వడ్లబస్త లెక్క దించితివి. మడికొండ పెండ్లిల నలుగురు నవ్విన్రు. కోళ్లకు కావలుంటనని మూడేండ్లు ఇంట్ల కూసున్న. రా అవ్వా, ఎందుకస్తలేవని ఒక్కనాడన్న అడిగినవా?"

తల్లికి కోళ్లంటే ఇష్టమని ఇన్నాళ్లూ చుట్టాలందరికీ చెప్పుకున్న కొండల్‌రెడ్డి తల దించుకున్నాడు. సుష్మిత ఆమె ముందు కూలబడి, స్ప్రింగులు వద్దు ఏమీ వద్దు, కారు ఇట్లాగే ఉంటుందంది.

"అట్లయితే నేనోడినట్టయితది," అంది సరోజన. "ఎంత కిందికెల్లి లేస్తనో సూడు, గంతే దించు."

సుష్మిత టేపుతో కారు సీటు ఎత్తు కొలిచింది. వాకిట్లో ఇటుకలు పేర్చి, పైన పలక వేసి, లెక్క సరిపోవడానికి తన ఇంజనీరింగ్ పుస్తకాలు పెట్టింది. అవి ఇంటికి పనికిరావడం ఇదే మొదలని పద్మలత అంది. కారు తలుపుకు బదులు కొండల్‌రెడ్డి చెయ్యి చాపి నిలబడ్డాడు. సాయం చేయకు, తలుపు సాయం చేయదు అని సరోజన హెచ్చరించింది.

రెండున్నర ఇంచులు తగ్గించిన ఎత్తు నుంచి సరోజన రెండుసార్లు సగం లేచి కూలబడింది. ఇంకో లావు పుస్తకం కలిపి, ఇంచున్నర మాత్రమే తగ్గిన ఎత్తుకు తెచ్చారు. మూడోసారి, కొడుకు మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకుని నిటారుగా లేచింది. ఆయన కదలలేదు. చెంపల మీద మాత్రం నీళ్లు కారుతున్నాయి.

"తలుపు ఏడుస్తదారా?" అంది సరోజన, తన కొంగుతో తుడుస్తూ.

సాయంత్రం జనగామలో దిలీప్ ఇంచున్నర స్ప్రింగులు బిగించాడు. సరోజన ఎక్కి కూర్చుంది. దిగేటప్పుడు అతను చెయ్యి అందించబోతే పక్కకు తోసి, తలుపు పట్టుకుని తానే లేచింది. షాపులో ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూసింది. తర్వాత గోడకు ఆనించిన రెండున్నర ఇంచుల స్ప్రింగుల్ని చూపించింది.

"గవి ఎవలకు అమ్మకు నాయినా," అంది. "ఇంకో నెల పీట మీద కూసుంటె గంత కిందికెల్లి గూడ లేస్త."